పదకొండో కాలమ్

టేపు ఒక కొస నేను పట్టుకున్న,
ఇంకో కొస ప్యాకరు ఉశేనప్ప పట్టుకున్నడు.
పాలమూరు పాత పోస్టాఫీసు
ఎనభై రెండడుగుల పొడుగు,
గోడ మందం రెండడుగుల మూడంగుళాలు.
డంగుసున్నం, షాబాదు బండలు, టేకు దూలాలు,
అందులో మూడింటిని చెద తిన్నది.
కమాన్లు తొమ్మిది;
ఒకదాన్ని ఇటుకలతో మూసి ఏసీ పెట్టిండ్రు.

పైనుంచి వచ్చిన ఫారంల
పద్నాలుగు కాలమ్‌లు.
గజం ధర ఎంతన్నది మాత్రం
ముందే నింపి పంపిండ్రు.
కట్టిన సంవత్సరం?
"మా తాత పుట్టకముందని రాయుండ్రి సారూ"
ఉశేనప్ప నవ్విండు.
ప్రముఖులు ఎవరైనా సందర్శించిరా?
పెన్ను ఆగింది.

నవాబుపేట నుంచి నడిచొచ్చిన కుర్మమ్మ
అని రాయాలె.
చంకల పిల్లతోటి, కొంగున సద్దిమూటతోటి
కోయిలకొండ బాలకిష్టమ్మ.
మొగడు ఏ నది ఒడ్డున మట్టి మోస్తున్నడో
ఆ నది పేరు నోరు తిరగని మక్తల్ సాయవ్వ.
వాళ్లకు నదుల పేర్లు నేర్పింది ఈ కిటికీనే.
మనియార్డరు మీది ముద్ర చదివి
గుమస్తా లోపలినుంచి అరిచేది:
నర్మద! తపతి! బియాస్!
ఊరికి పోయినంక వాళ్లు
ఆ పేర్లను కొత్త వియ్యపురాలి పేరులెక్క
నలుగురికి చెప్పుకునేది.

రెండో కిటికీ పక్క స్తంభం.
నేలకు నాలుగడుగుల మీద
జానెడు వెడల్పున ఊదారంగు పట్టీ.
పైకం ముట్టినట్టు వేలిముద్ర ఏసినంక
ఉన్న ఒక్క మంచి చీరకు
ఎవరు తుడుచుకుంటరు?
స్తంభానికి రాసి పోయిండ్రు.
ఒకరి వేలి మీద ఒకరి వేలు, నలభై ఏండ్లు.
దసరా దసరాకు సున్నం కొట్టిచ్చిండ్రు.
వానలు పడంగనే
సున్నం కిందినుంచి ఊదా మళ్ల తేలింది,
కమిలిన చర్మంలెక్క.

ఉశేనప్ప టార్చి కిందికి దించిండు.
"ఈడ సూడుండ్రి."
పట్టీకి కింద, మోకాలంత ఎత్తున
బియ్యపు గింజలంత మరకలు.
తల్లి బొటనవేలు పట్టుకొని
ఆ రంగే తమ వేలికి అంటించుకొని
తాము కూడ సంతకం చేసిన పిల్లలు.

అందుల నాది ఏదో తెల్వదు.
తెలుసని రాస్తే అబద్ధమయితది.
బంక వాసన తెలుసు,
కాలిన లక్క వాసన తెలుసు.
నాయిన పైసలు సగమే వచ్చిన నెల
అమ్మ ఈ స్తంభానికి ఒరిగి
చాలసేపు నిలబడ్డది తెలుసు.
"రాయి సల్లగున్నది బిడ్డా" అన్నది,
నేను ఏమీ అడగకముందే.

పదకొండో కాలమ్:
చెమ్మ, పగుళ్లు, మరకలు - వివరించుము.
చెమ్మ: ఉన్నది.
పగుళ్లు: నాలుగు. ఉత్తరపు గోడది పెద్దది.
మరకలు:
గీత మీద రెండు మాటల జాగనే ఉన్నది.
"ఊదారంగువి" అని రాసిన.
కొట్టేసిన.
"కడుగరాదు" అని రాసిన.
అది ఆఫీసు భాషేనా అని
ఒక నిమిషం చూసుకుంట కూసున్న.

బయట మబ్బు పట్టింది.
ఉశేనప్ప బకెటు తెచ్చి
కంప్యూటరు పక్కన, ఎప్పుడూ పెట్టే గుర్తు మీద పెట్టిండు.
"కప్పు కురుస్తున్నదని కూడ రాయుండ్రి సారూ.
కూలగొట్టెటందుకు కాదు,
బాగుచేసెటందుకని రాయుండ్రి.
లేకుంటే ఆ రెండూ
ఒక్క కాలమ్‌లనే ఉన్నయా?"

ఫారం తిప్పి చూసిన.
ఉన్నయి అన్న.